గడ్డపార ఇంట్లో పెట్టి రండి

పాఠకుల ప్రశ్నలు, బరంపురం నుంచి ఒక రిటైర్డ్ చరిత్ర టీచరమ్మ జవాబులు

చలికాలం వస్తే మా గంజాం జిల్లాలో రెండు రకాల జనం రోడ్డెక్కుతారు. పిక్నిక్‌లకు పోయేవాళ్ళు ఒకరు, పాత రాళ్ళు చూడ్డానికి పోయేవాళ్ళు ఇంకొకరు. ఈసారి నా బల్ల మీద రెండో రకం వాళ్ళ ఉత్తరాలే ఎక్కువ. కొందరికి పొడుగ్గా రాశాను, కొందరికి పొట్టిగా. పొట్టిగా రాశానని అలగొద్దు.

ప్రశ్న: మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. తెలుగు అక్షరాలు రావు. అశోకుడి పాఠం అయ్యింది, జౌగడ చూస్తామని ఒకటే గోల. ఆదివారం ఒక బస్సు వెళ్తోంది, ముందురోజు ఉపన్యాసం కూడా ఉందట. కానీ అక్కడున్నది ఒక్క రాయేనంటున్నారు. పదేళ్ళ పిల్లలకి దాంట్లో చూడ్డానికి ఏముంటుంది?
— పాఠకురాలు, రాయగడ

జవాబు: ఒక్క రాయేనమ్మా. అందుకే వెళ్ళమంటున్నాను. మ్యూజియంలో వంద వస్తువులు చూసి వచ్చిన పిల్లలకు చివరికి ఐస్‌క్రీమ్ బండి ఒక్కటే గుర్తుంటుంది.

పురుషోత్తంపురం దగ్గర, ఋషికుల్య ఒడ్డున ఉంది జౌగడ. బస్సు దిగగానే పిల్లలు రాయి వైపు పరుగు తీస్తారు. పట్టుకుని ఆపండి. ముందు చుట్టూ ఉన్న మట్టి గట్టు చూపించండి. చెరువు గట్టు అనుకుని దాటిపోయేవాళ్ళే ఎక్కువ. అది కోటగోడ. లోపల ఒకప్పుడు ఊరుండేది. ఆ ఊరి పేరు సమాప అని శాసనంలోనే ఉంది. 1956లో ఇక్కడ తవ్వకం జరిపించింది దేవళా మిత్రా. తర్వాత రోజుల్లో భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్ అయిన తొలి మహిళ ఆవిడే. మీకు ఆడపిల్ల ఉంటే ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

ఇక రాయి. పైన కప్పు, చుట్టూ కటకటాలు. రాతి ముఖం మీద మూడు పలకలుగా చెక్కారు. అశోకుడి పెద్ద శిలాశాసనాలు మొత్తం పధ్నాలుగు. మొదటి పలకలో 1 నుంచి 5 దాకా శాసనాలు, దాంట్లో చాలా భాగం పెచ్చులూడిపోయింది. రెండో పలకలో 6 నుంచి 10, ఆ వెంటనే 14. మూడో పలకలో కళింగ దేశం కోసమే విడిగా రాయించిన రెండు. లెక్క సరిగ్గా విన్నారా? 11, 12, 13 లేవు. కళింగ యుద్ధంలో లక్ష మంది చచ్చారని, లక్షన్నర మందిని పట్టుకుపోయారని, అది తలచుకుని రాజు బాధపడ్డాడని ఉన్నది 13లోనే. దేశమంతా వేరేచోట్ల చెక్కించిన ఆ మాటని, దెబ్బ తిన్న కళింగలో మాత్రం చెక్కించలేదు. భువనేశ్వర్ దగ్గరున్న ధౌలి రాతి మీదా లేదు. ఎందుకు చెక్కించలేదంటావని మీ పిల్లల్ని అడగండి. పెద్దవాళ్ళకంటే వాళ్ళే మంచి జవాబులు చెప్తారు. తెలుగు నేల మీద పధ్నాలుగూ చూడాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్ళాలి.

అక్షరాలు కనపడాలంటే వేళ చూసుకోవాలి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు రాయి రాయిలాగే ఉంటుంది. పొద్దున్నో సాయంత్రమో, వెలుగు ఏటవాలుగా పడేటప్పుడు గీతల్లో నీడ నిలబడుతుంది. చేతిలో టార్చి ఉంటే తిన్నగా కొట్టకండి, పక్కగా ఓరగా కొట్టండి.

పిల్లల కోసం ముందురోజు రాత్రి ఒక కాగితం తయారుచెయ్యండి. మూడు గళ్ళు గియ్యండి. ఆ రాతి మీదున్న పాత లిపి బ్రాహ్మీ, దాని పక్కన ఒడియా, దాని పక్కన తెలుగు. బ్రాహ్మీలో కూడిక గుర్తు ఉంటే అది ‘క’. ఉత్త సున్న ‘ఠ’. సున్న మధ్యలో చుక్క ఉంటే ‘థ’. ‘దేవానంపియే పియదసి లాజా’ అనే వరస వెతకమనండి. దేవతలకు ప్రియుడైన ప్రియదర్శి రాజు అని, అంటే అశోకుడే. రాజా కాదు, లాజానే. ఈ రాతిమీద ‘ర’ రావాల్సిన చోటల్లా ‘ల’ వస్తుంది, అది మగధ వాళ్ళ పలుకుబడి. ఒడియా బళ్ళో చదివే పిల్ల ఒక్కసారి ఈ మూడు గళ్ళు పక్కపక్కన చూసిందంటే తెలుగు అక్షరాలంటే బెదురు పోతుంది. అ ఆలు దిద్దు అని మీరు బతిమాలనక్కర్లేదు.

అక్కడ ఎవరో ఒకరు ఇది పాండవుల లక్క ఇల్లు అని చెప్తారు. విననివ్వండి, మంచి కథ. కాకపోతే ఉపన్యాసం ముందురోజే ఉంది కాబట్టి ఏది కథో ఏది శాసనమో వాళ్ళకి తెలిసే ఉంటుంది. ఉపన్యాసం ముందు, ప్రయాణం తర్వాత. తిరగేసి పెట్టే సంఘాలంటే నాకు చిరాకు.

ప్రశ్న: వంశధార పక్కన మా చేను. మొన్న దున్నుతుంటే కుండపెంకులు వచ్చాయి, లోపల నలుపు, బయట ఎరుపు. వాటితోపాటు రెండు రాగి నాణేలు, పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. వచ్చే నెల పర్లాకిమిడిలో పాత వస్తువుల మీద ఒక పెద్దాయన మాట్లాడతారట. చింతపండు పెట్టి తోమి, పట్టికెళ్ళి చూపిద్దామని ఉంది. ఇంకా కొంచెం తవ్వి చూడమని మా బావ అంటున్నాడు. ఏటి చెయ్యమంటారు?
— రైతు, కాశీనగరం

జవాబు: ముందు ఆ చింతపండు వంటింట్లో పెట్టెయ్యి బాబూ. ఇత్తడి బిందె కాదు అది. ఆ పచ్చటి చిలుం కిందే బొమ్మో అక్షరమో ఉంటుంది. పులుపు తగిలితే చిలుంతో పాటు అదీ పోతుంది. తర్వాత నీ చేతిలో మిగిలేది మెరిసే రాగి బిళ్ళ. నిమ్మకాయ, ఉప్పు, ఇటుకపొడి, టూత్‌పేస్టు, అన్నీ అంతే. మెత్తని కాగితంలో విడివిడిగా చుట్టి, పొడిగా ఉన్న డబ్బాలో పెట్టు.

రెండోది, మీ బావ మాట వినకు. గడ్డపార ఇంట్లో పెట్టించు. ఎందుకో చెప్తాను విను. నాణెం ఒక్కటీ తెచ్చి బల్ల మీద పెడితే ఆ పెద్దాయన మహా అయితే ఫలానా కాలంది కావచ్చు అంటాడు. అదే నాణెం ఆ నలుపూ ఎరుపూ పెంకుల పక్కన, ఫలానా లోతులో, ఫలానా రంగు మట్టిలో దొరికిందంటే అప్పుడు నీ చేనుకి ఒక కథ ఉంటుంది. ఎవరున్నారు, ఎప్పుడున్నారు, ఏం కొన్నారు, ఏం తిన్నారు, అన్నీ ఆ మట్టి వరసల్లో ఉంటాయి. కలిపి తవ్వేశావంటే ఆ వరసలు మళ్ళీ పేర్చలేం. వస్తువు ఎక్కడికీ పోదు, దాని చోటే పోతుంది.

ఆ పెంకుల సంగతి కూడా చెప్తాను. కుండని బోర్లించి కాల్చినప్పుడు లోపలికి గాలి అందక నల్లబడుతుంది, బయట గాలి తగిలి ఎర్రబడుతుంది. ఆ రెండు రంగులకి సాధారణంగా చెప్పే కారణం ఇదే. ఇనుము వాడకం మొదలైన రోజుల నుంచీ మన దక్షిణాదిన ఇలాంటి కుండలు విస్తారంగా దొరుకుతాయి. కానీ రంగు ఒక్కటే చూసి కాలం తేల్చకూడదు, మూతి అంచు ఎలా తిరిగింది, మందం ఎంత, ఇవన్నీ చూడాలి. అందుకని మూతి ముక్కలుంటే పారెయ్యకు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని. దొరికిన చోట ఒక కర్ర పాతు. పెంకుల పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోటో తియ్యి, సైజు తెలుస్తుంది. నాగలి ఎంత లోతు దిగిందో, ఏ గట్టు నుంచి ఎన్ని అడుగులో కాగితం మీద రాసుకో. ఉపన్యాసానికి ఆ ఫోటోలు, ఆ కాగితం పట్టుకెళ్ళు, నాణేలు వద్దు. సభ అయ్యాక ఆయన్ని పక్కకి పిలిచి చూపించు, పదిమందిలో చూపించకు. చూసినవాళ్ళలో ఒకడు మర్నాడు నీ గుమ్మం ముందుంటాడు, కొంటానని.

అమ్మకు. 1972 చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇలాంటి వస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించడమైతే నేరమే. ఇంకా పాతది 1878 నాటి చట్టం ఒకటుంది. భూమిలో దాగి దొరికినది పది రూపాయల విలువ దాటితే కలెక్టరు గారికి రాతపూర్వకంగా తెలపాలి. ఆ పది రూపాయలు విక్టోరియా రాణి నాటివి. చెప్తే చేను లాగేసుకుంటారని భయపడకు. ఆ చట్టంలోనే దొరికినవాడి వాటా గురించి కూడా ఉంది. దాచినవాడికే చిక్కు.

ప్రశ్న: మా తెలుగు సంఘం తరపున చరిత్ర ఉపన్యాసం పెట్టాం. నూరు కుర్చీలు వేస్తే పదిమంది వచ్చారు. వక్తగారు మొహం చిన్నబుచ్చుకున్నారు, నాకూ తల కొట్టేసినట్టయ్యింది. మళ్ళీ పెట్టమంటారా, మానమంటారా?
— సంఘ కార్యదర్శి, జయపురం

జవాబు: పైన చెప్పిన జౌగడ రాతి మీద మూడో పలకలో ఏముందో తెలుసా అండీ? ‘మనుషులందరూ నా బిడ్డలే’ అన్న మాట అక్కడే ఉంది. దాంతో పాటు అధికారులకి ఒక ఆజ్ఞ ఉంది. ఈ శాసనాన్ని తిష్య నక్షత్రం రోజున చదివి వినిపించాలి, మధ్యలో కూడా అవకాశం దొరికినప్పుడు వినిపించాలి, వినేవాడు ఒక్కడే ఉన్నా సరే. తిష్య అంటే మన పుష్యమి. చక్రవర్తి ఒక్కడితో సరిపెట్టుకున్నాడు, మీకు పదిమంది వచ్చారు.

అయినా నూరు కుర్చీలు ఎందుకు వేశారు? ముప్పై వెయ్యండి, పదిమంది కూడా నిండుగా ఉంటారు. శాలువాలు, జ్ఞాపికలు, అధ్యక్షుడి తొలిపలుకులు, ఇవన్నీ ఎత్తెయ్యండి. వక్త నోరు తెరిచేసరికి గంట గడిస్తే పదిమందిలో ఆరుగురు టిఫిను వైపు చూస్తారు. విషయం చిన్నది పెట్టండి. ‘కళింగ చరిత్ర, ఒక పరిశీలన’ అంటే ఎవరూ రారు. ‘నందపురంలో ఆ ముప్పైరెండు మెట్ల సింహాసనం ఎవరిది?’ అని పెట్టండి. జయపురం రాజుల పాత రాజధాని నందపురమే కదా, మీ ఊళ్ళో ప్రతివాడూ ఆ మెట్ల పేరు విన్నవాడే. అటునుంచి అటే సుబాయి జైన గుళ్ళు కూడా చూసి రావచ్చు. తీర్థంకరుల విగ్రహాలు చూసి, కోరాపుట్ కొండల్లోకి జైనులు ఎలా వచ్చారు అని ఒక్క కుర్రాడు అడిగినా మీ డబ్బు గిట్టుబాటే.

వక్త ఒడియా ఆయనైతే ఒడియాలోనే మాట్లాడనివ్వండి. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పించొద్దు. పావుగంటకోసారి మీలో ఎవరైనా తెలుగులో రెండు ముక్కలు చెప్తే చాలు. తేదీ కావాలంటే ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, నవంబరు 19 నుంచి 25 దాకా వారసత్వ వారోత్సవం. ఏప్రిల్లో మీ ఊరి ఎండకి నేను రాను, నవంబరైతే పిలవండి.

ప్రశ్న: కోట మీదుగా డ్రోన్ ఎగరేసి వీడియో తీద్దామనుకుంటున్నాం. తప్పా?
— విద్యార్థి, గుణుపురం

జవాబు: రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఎగరెయ్యకు. ఫోనుతో నేల మీద నిలబడి తీసుకో.

ప్రశ్న: శాసనాల అచ్చు తీయడం నేర్చుకోవాలని ఉంది. కాగితం, బ్రష్షు, సిరా కొనేశాను. ఫీల్డ్ ట్రిప్‌లో మొదలుపెట్టొచ్చా?
— డిగ్రీ విద్యార్థిని, ఛత్రపురం

జవాబు: ట్రిప్‌లో వద్దమ్మా. రక్షిత స్థలంలో రాయి ముట్టుకోవాలంటే అనుమతి కావాలి. పని చూడ్డానికి తేలిక. రాయి మీద దుమ్ము మెత్తగా దులిపి, తడిపిన కాగితం పరిచి, గాలి బుడగలు లేకుండా బ్రష్షుతో కొట్టి గుంటల్లోకి దించాలి. కాస్త ఆరాక గుడ్డ ఉండతో సిరా అద్దాలి. కాగితం పైకి లేచిన చోట నలుపు, అక్షరం ఉన్న గుంటలో తెలుపు వస్తుంది. చేతికి అలవాటు లేనివాళ్ళు సిరాని రాయికి అంటిస్తారు. ఆ మచ్చ ఇక పోదు.

జౌగడ రాతి గురించి పంతొమ్మిదో శతాబ్దపు రాతల్లో ఒక కథ ఉంది. ఎవరో దొర నకలు తీస్తానని వచ్చి, రాతి మీద వేడి చింతపండు రసం పోయించి, వెదురు కర్రలతో కొట్టించాడట. ఆ ఊరివాళ్ళు చెప్పుకున్నది. అంతకుముందే 1850లో మద్రాసు ప్రభుత్వ ఉద్యోగి వాల్టర్ ఇలియట్ ఆ అక్షరాలకు నకలు తీసుకుని ఉన్నాడు. అక్షరం పోయిన చోట ఇలాంటి పాత నకళ్ళే దిక్కవుతాయి.

చెయ్యి కుదరాలంటే ఇంట్లోనే మొదలుపెట్టు. స్టీలు గిన్నెల మీద మీ అమ్మమ్మ పేరు చుక్కచుక్కలుగా కొట్టించి ఉంటుంది కదా. పల్చటి కాగితం పరిచి పెన్సిలు ఓరగా రుద్దు. ఆ పేరు స్పష్టంగా వచ్చాక, ఏ సంవత్సరం, ఎవరి పెళ్ళికి ఇచ్చారో కూడా రాసి ఉంటే చదివి చూడు. దానాలు, తేదీలు, దాతల పేర్లు. శాసనాల్లోనూ ఎక్కువ భాగం ఇదే సరుకు. అది వచ్చాక, అనుమతి ఉన్న శిక్షణ శిబిరం ఎక్కడైనా పెడితే అక్కడ చేరు.

ప్రశ్న: డెబ్బై దాటాయి. మహేంద్రగిరి బస్సులో పేరిద్దామంటే మా అబ్బాయి వద్దంటున్నాడు. మోకాళ్ళు కూడా అదే మాట. ఒక్క పూటలో అయ్యేది ఏదైనా చెప్పండి.
— రిటైర్డ్ హెడ్మాస్టరు, పర్లాకిమిడి

జవాబు: మాస్టారు గారికి నమస్కారం. మహేంద్రగిరి గొప్పదే. 1501 మీటర్ల ఎత్తు, భీముడి గుడి, కుంతి గుడి, యుధిష్ఠిరుడి గుడి. చోళుల విజయ శాసనం కూడా ఉంది, పులి, రెండు చేపల గుర్తులతో. మోకాళ్ళ మాట వినండి గానీ ఊరికే ఇంట్లో కూర్చోకండి. శ్రీముఖలింగం మీకు గంటకు అటూ ఇటుగా ప్రయాణం. సరిహద్దు దాటడమంతే.

మధుకేశ్వరుడి దర్శనం అయ్యాక స్తంభాల దగ్గర ఒక కుర్చీ వేయించుకోండి. సంస్కృతం, తెలుగు శాసనాలు కంటి ఎత్తులోనే ఉన్నాయి. అఖండ దీపానికి ఫలానావారు ఇచ్చిన దానం అని వరసగా ఉంటాయి. తొమ్మిది వందల ఏళ్ళ నాటి తెలుగు అక్షరాలు మీకు కొన్ని వెంటనే పోలికకి వస్తాయి, కొన్ని ఏడిపిస్తాయి.

మీ ఊరివాడి పని కూడా అక్కడ ఉంది. గిడుగు రామమూర్తి గారిని అందరూ వ్యావహారిక భాష కోసం తలుచుకుంటారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, తనంతట తాను శాసన లిపులు నేర్చుకుని, గాంగ వంశపు రాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని శాసనాలు చదివి చెప్పినవాడు ఆయన. శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. అదీ వంశధార ఒడ్డునే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన చదివిన స్తంభాల కింద మీరు కూర్చుంటే మీ మనవల్ని కూడా తీసుకెళ్ళండి. పెద్దవాళ్ళు చదువుతుంటే చూడ్డమే ఒక పాఠం. అర్చకస్వామికి ముందే చెప్పి, పూజ వేళ కాకుండా చూసుకోండి. పసుపూ సుద్దా రాసి అక్షరం తేల్చే పని మాత్రం ఎవరినీ చెయ్యనివ్వొద్దు.

ప్రశ్న: ఒక ఉపన్యాసంలో చిలికా పక్కనున్న మా పాలూరే బుద్ధుడి దంతం ఉన్న దంతపురం అన్నారు. మా వియ్యాలవారిది ఆమదాలవలస వైపు. వాళ్ళు దంతవక్త్రుని కోటే దంతపురం అంటారు. పెళ్ళి భోజనాల దగ్గర మాటామాటా పెరిగింది. తీర్పు చెప్పండి.
— పాఠకుడు, గంజాం

జవాబు: రెండు వైపులా కొంత సరుకుంది. దంతపురం కళింగ రాజధాని అని బౌద్ధ గ్రంథాలు చెప్తాయి. అక్కణ్ణించే దంతధాతువు సింహళానికి వెళ్ళిందంటారు. తొలి గాంగ రాజులు దానాలు రాసిచ్చిన రాగిరేకుల్లో దంతపురం నుంచి ఇచ్చినవి ఉన్నాయి. మీకు పాత గ్రీకు భూగోళ రచయిత టాలెమీ రాసిన పలౌరా రేవు ఉంది, వాళ్ళకి మట్టికోట ఉంది, బౌద్ధ అవశేషాలు ఉన్నాయి. కానీ రాగిరేకు కాళ్ళున్న వస్తువు. దానం పుచ్చుకున్నవాడితోపాటు ఊళ్ళు తిరుగుతుంది, ఏ ఇంటి గోడలోనో బయటపడుతుంది. దాన్ని బట్టి రాజు ఎక్కడ కూర్చుని ఇచ్చాడో తేలదు. నలందాలో తవ్వినప్పుడు ‘శ్రీ నాలందా మహావిహార’ భిక్షుసంఘం పేరున్న మట్టి ముద్రలు ఆ విహారాల్లోనే దొరికాయి, ఇక వాదన లేకపోయింది. మీ ఇద్దరిలో ఎవరి మట్టిలోంచైనా అలాంటి ముద్ర, ఊరి పేరుతో, దాని పొరలో ఉండగా రావాలి.

ఈసారి వక్త దొరికితే ‘ఏ గుంటలో, ఏ పొరలో దొరికిందండీ?’ అని ఒక్క ప్రశ్న అడగండి. అసలు జవాబు చెప్పేవాడు కాగితం తీసి బొమ్మ గీస్తాడు. లేనివాడు గొంతు పెంచుతాడు. ఈ లోపల రెండు కుటుంబాలూ ఒకే బస్సు మాట్లాడుకుని ఒక ఆదివారం పాలూరు, ఇంకో ఆదివారం దంతవక్త్రుని కోట చూసి రండి. బస్సు ఖర్చు ఎవరిదన్నది మళ్ళీ నన్ను అడక్కండి.